ఇంటిపేరు లేని పిలుపు

ఆ అమ్మాయి రాసిన ప్రోగ్రాములో తప్పు లేదు. ఈ మాట ముందే చెప్పడానికి కారణం ఉంది. ఆ ఆదివారం మధ్యాహ్నం దాదాపు గంటసేపు, తప్పంతా తనదేనని ఆమె గట్టిగా నమ్మింది.

సెలవు రోజుల్లో కొందరు పాలిటెక్నిక్ విద్యార్థులకు పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్పుతుంటాను. క్లాసులో అందరికీ ప్రాజెక్టు తేదీలు ఈమెయిల్‌లో పంపే చిన్న ప్రోగ్రాము రాస్తానని ఆమె తనంతట తానే ముందుకొచ్చింది. ఇరవై వరుసలు కూడా లేవు. పైథాన్‌తోపాటే వచ్చే ఎస్‌ఎమ్‌టీపీలిబ్ అనే మాడ్యూల్‌ను, అంటే వేరే ఫైలులో సిద్ధంగా ఉన్న కోడ్‌ను, ఇంపోర్ట్ చేసి తన ప్రోగ్రాములోకి తెచ్చుకుంది, సర్వరుకు కలిపింది, జాబితాలో ఒక్కొక్కరికీ ఉత్తరం పంపమంది. అసలు ప్రోగ్రాము మొదలవుతోందో లేదో తెలియాలని మొట్టమొదటి వరుసలో ‘మొదలు’ అని ప్రింట్ చేయించింది. ఇక ఫైలుకు ఒక పేరు కావాలి. చేసే పని ఈమెయిల్ పంపడం కాబట్టి ఈమెయిల్.పీవై అని పెట్టింది. పైథాన్ ఫైళ్ల పేర్ల చివర పీవై ఉంటుంది.

నడిపితే తెర మీద ‘మొదలు’ అని రెండుసార్లు వచ్చింది. ఆ వెంటనే ఎర్రర్. ఎస్‌ఎమ్‌టీపీలిబ్ ఇంకా సగమే తయారైంది, అందులో ఎస్‌ఎమ్‌టీపీ అనే పేరు లేదు, మాడ్యూళ్లు చుట్టు తిరిగి ఒకదాన్నొకటి ఇంపోర్ట్ చేసుకోవడం వల్ల ఇలా జరిగి ఉండవచ్చు అని దాని సారాంశం.

“నేను లూప్ రాయలేదు సార్. మరి రెండుసార్లు ఎందుకు వచ్చింది?” అని అడిగింది. పైథాన్ ఇచ్చిన ఎర్రర్ కంటే ఆ ప్రశ్నే అసలు విషయానికి దగ్గరగా ఉంది.

ఎర్రర్‌కు ముందు పైథాన్ చూపించే జాడను ఇద్దరం కలిసి వరుసగా చదివాం. మొదట ఆమె ఫైలు, రెండో వరుస. ఆ తర్వాత పైథాన్ సొంత ఎస్‌ఎమ్‌టీపీలిబ్ ఫైలు. మూడోది మళ్లీ ఆమె ఫైలే. నడుమ పైథాన్ లైబ్రరీ, దానికి అటూ ఇటూ ఆమె రాసిన ఇరవై వరుసలు. ఎస్‌ఎమ్‌టీపీలిబ్‌కు ఉత్తరాల చిరునామాలను సరిచూసుకునే పని ఉంటుంది. అందుకోసం పైథాన్‌లోనే ఉన్న ఈమెయిల్ అనే ప్యాకేజీని, అంటే మాడ్యూళ్ల మూటను, అది తెచ్చుకుంటుంది. అది ‘ఈమెయిల్’ అని పిలిచింది. పలికింది మాత్రం ఈ అమ్మాయి ఫైలు. పలికిన ఫైలు మొదటి నుంచి మళ్లీ నడిచింది, ‘మొదలు’ అని మరోసారి ప్రింట్ చేసింది, ఇంకా పూర్తికాని ఎస్‌ఎమ్‌టీపీలిబ్‌ను వాడబోయి అక్కడ కూలబడింది.

తన ప్రోగ్రాములో ఈమెయిల్ అనే మాడ్యూల్‌ను ఆమె ఎక్కడా ఇంపోర్ట్ చేయలేదు. అలాంటిది ఒకటుందని కూడా ఆమెకు తెలియదు.

ఫైలు పేరు మార్చాం, ఉత్తరాలు వెళ్లాయి. ఇలాంటప్పుడు ‘పైథాన్ మాడ్యూళ్ల పేర్లు మన ఫైళ్లకు పెట్టకూడదమ్మా’ అని చెప్పి పాఠం ముందుకు నడపడం అందరికీ అలవాటు. ఏళ్ల తరబడి నేనూ అదే చెప్పాను. ఇప్పుడు చెప్పను. టర్టిల్‌తో బొమ్మలు గీయడం నేర్చుకునే పిల్లవాడు తన ఫైలుకు టర్టిల్.పీవై అనే పెడతాడు. యాదృచ్ఛిక అంకెలిచ్చే ర్యాండమ్ నేర్చుకునే పిల్ల ర్యాండమ్.పీవై అనే పెడుతుంది. నేర్చుకుంటున్న విషయం పేరే పుస్తకం అట్ట మీద రాసుకోవడం పిల్లల సహజ గుణం. అంత సహజమైన పనికి శిక్ష పడుతోందంటే, సరిచేయవలసింది పిల్లలను కాదు, పైథాన్ పేర్లు వెతికే వరుసను.

ఆ వరుస ఏమిటో దగ్గరగా చూద్దాం. ఇంపోర్ట్ అని రాయగానే పైథాన్ మొదట సిస్.మాడ్యూల్స్ అనే పట్టిక చూసుకుంటుంది. ప్రోగ్రాము మొదలైనప్పటి నుంచి తెచ్చుకున్న మాడ్యూళ్లన్నీ అందులో పేరుపేరునా ఉంటాయి. కావలసిన పేరు అక్కడ దొరికితే ఫైళ్ల జోలికే పోదు. ఒకే మాడ్యూల్‌ను పది చోట్ల ఇంపోర్ట్ చేసినా దాని కోడ్ ఒక్కసారే నడిచేది ఇందుకే. కోడ్‌ను ముక్కలు ముక్కలుగా నడిపే జూపిటర్ నోట్‌బుక్‌లో పనిచేస్తూ ఫైలు మార్చి మళ్లీ ఇంపోర్ట్ చేస్తే మార్పు కనబడనిది కూడా ఇందుకే. ఇంకో సంగతి: కొత్త మాడ్యూల్ పేరును దాని కోడ్ నడవకముందే ఈ పట్టికలో ఎక్కిస్తారు. లేకపోతే రెండు మాడ్యూళ్లు ఒకదాన్నొకటి పిలుచుకున్నప్పుడు ఆ పిలుపులకు అంతు ఉండదు. ఆ ‘సగమే తయారైన’ మాడ్యూల్ పుట్టేది ఇక్కడే.

మరి ఆ అమ్మాయి ఫైలు అప్పటికే నడుస్తోంది కదా, పట్టికలో దొరకాలి కదా? దొరకదు. మనం నేరుగా నడిపిన ఫైలు ఆ పట్టికలో మెయిన్ అనే పేరుతో చేరుతుంది, తన సొంత పేరుతో కాదు. ఈమెయిల్ అనే పేరు ఖాళీగానే ఉంటుంది. కాబట్టి అదే ఫైలు ఇంకో మాడ్యూల్‌గా రెండోసారి పుట్టింది. ‘రెండుసార్లు ఎందుకు వచ్చింది’ అన్న ప్రశ్నకు జవాబు అది.

పట్టికలో లేని పేరు కోసం పైథాన్ ముగ్గురిని పంపుతుంది. మొదటి మనిషికి తెలిసినవి పైథాన్ ప్రోగ్రాములోనే కలిపి కట్టిన మాడ్యూళ్లు. రెండో మనిషికి తెలిసినవి ముందే కంపైల్ చేసి లోపల భద్రపరిచినవి. ఇద్దరూ లేదంటే మూడో మనిషి సిస్.పాత్ అనే జాబితా పట్టుకుని ఫోల్డర్ల వెంట బయలుదేరుతాడు. ప్రతి ఫోల్డర్‌లోనూ మొదట ఆ పేరుతో ప్యాకేజీ ఉందా, లేకపోతే సీ భాషలో రాసి కంపైల్ చేసిన ఫైలు ఉందా, లేకపోతే పీవై ఫైలు ఉందా అని చూస్తాడు. ఎక్కడ దొరికితే అక్కడ ఆగిపోతాడు. దొరికింది అడిగినవాళ్లకు కావలసిందేనా అని విచారించడు.

ఆ జాబితాలో ముందు ఎవరున్నారన్నదే అసలు పేచీ. మొట్టమొదట ఉండేది మనం నడిపిన స్క్రిప్టు ఉన్న ఫోల్డర్. ఆ తర్వాత పైథాన్‌పాత్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో, అంటే ప్రోగ్రాముల కోసం కంప్యూటర్‌లో రాసి ఉంచే అమరికలో, మనం ఏమైనా రాసి ఉంటే అవి. ఆ తర్వాతే పైథాన్ సొంత లైబ్రరీ. చివరికి పిప్ అనే ఇన్‌స్టాల్ సాధనంతో తెచ్చుకున్నవి ఉండే సైట్‌ప్యాకేజెస్. పెరటి చెట్టు మందుకు పనికిరాదని మన సామెత. పైథాన్‌కు మాత్రం ప్రతి జబ్బుకూ పెరటి చెట్టే మొదటి మందు. నా ప్రోగ్రాముకే కాదు, నేను పిలిచిన లైబ్రరీకి, ఆ లైబ్రరీ పిలిచిన మరో లైబ్రరీకి కూడా నా పెరటి చెట్టు ఆకే నూరి పోస్తుంది. నాకు కోపం వచ్చేది సరిగ్గా ఇక్కడ. నా ఫోల్డర్ నాకు ముందు కనబడటంలో కొంత న్యాయం ఉంది. ఎక్కడో ఉన్న ఎస్‌ఎమ్‌టీపీలిబ్‌కు నా ఫోల్డర్ ముందు కనబడటంలో ఏ న్యాయమూ లేదు.

పోనీ, ఈ నియమమైనా అంతటా ఒకేలా ఉంటుందా అంటే అదీ లేదు. మీ ఫోల్డర్‌లో సిస్.పీవై పెట్టండి, ఏమీ కాదు. అది మొదటి మనిషి దగ్గరే దొరుకుతుంది. ఓఎస్.పీవై పెట్టినా ఏమీ కాదు. మీ ప్రోగ్రాము మొదలయ్యేసరికే పైథాన్ తన అవసరానికి ఓఎస్‌ను తెచ్చుకుని పట్టికలో పెట్టుకుని ఉంటుంది. ర్యాండమ్.పీవై పెడితే మాత్రం కొంప మునుగుతుంది. మ్యాథ్ సంగతి ఇంకా విచిత్రం. విండోస్‌లో అది పైథాన్‌లోనే కలిసి ఉంటుంది. మాక్‌లో తరచుగా విడి ఫైలుగా ఉంటుంది. అంటే మ్యాథ్.పీవై అని పేరు పెట్టిన విద్యార్థి ప్రోగ్రాము ల్యాబులో విండోస్ మీద చక్కగా నడిచి, స్నేహితుడి మాక్ మీద చతికిలబడవచ్చు. ఏ పేరు ప్రమాదమో, ఏది కాదో తెలియాలంటే పైథాన్‌ను ఎలా కంపైల్ చేశారో తెలియాలి. మొదటి నెల విద్యార్థి నుంచి ఇది ఎలా ఆశిస్తాం?

మన పేర్లలో ఇంటిపేరు ముందు వస్తుంది, మనిషి పేరు తర్వాత. ఊళ్లో నలుగురు సుబ్బారావులున్నా ఇంటిపేరుతో పిలిస్తే తికమక ఉండదు. పైథాన్ ప్యాకేజీలు పనిచేసేదీ అలాగే. ముందు ప్యాకేజీ పేరు, చుక్క, ఆ తర్వాత మాడ్యూల్ పేరు. కానీ అన్నిటికంటే పైన ఉన్న పేరుకు ఇంటిపేరు లేదు. ఈమెయిల్, ర్యాండమ్, టర్టిల్ అన్నీ ఒట్టి పేర్లు. ఇంటిపేరు లేకుండా వీధిలో నిలబడి పిలిస్తే, దగ్గరున్నవాడు పలుకుతాడు.

ఈ సమస్యను పైథాన్ పెద్దలు ఒకప్పుడు ఒప్పుకున్నారు కూడా. పాత రోజుల్లో ప్యాకేజీ లోపల ఒట్టి పేరుతో ఇంపోర్ట్ చేస్తే మొదట ఆ ప్యాకేజీ ఫోల్డర్‌లోనే వెతికేవారు. పక్కనున్న ఫైలు పేరు, పైథాన్ లైబ్రరీలోని పేరు ఒకటే అయితే పక్కనున్నదే దొరికేది. ఇది మంచిది కాదని, పైథాన్‌లో మార్పుల కోసం రాసే ప్రతిపాదనల్లో 328వ దానిలో తేల్చారు. ఒట్టి పేరు అంటే సిస్.పాత్‌లో వెతకవలసిన పేరు. పక్కనున్న ఫైలే కావాలంటే ముందు చుక్క పెట్టి అడగాలి. పైథాన్ 2.5 నుంచి కోరుకున్నవారికి ఈ పద్ధతి వచ్చింది. 2008 డిసెంబరులో వచ్చిన పైథాన్ 3.0లో అందరికీ అదే నియమమైంది.

ఆ చుక్క నాకు ఎంతో ఇష్టం. ‘మా ఇంట్లోది’ అని చెప్పడానికి అంతకంటే పొదుపైన గుర్తు ఉండదు. అయితే ప్యాకేజీ లోపల ఒప్పుకున్న న్యాయాన్ని గుమ్మం దగ్గర ఒప్పుకోలేదు. నేరుగా నడిపిన స్క్రిప్టులో చుక్క పెట్టి ఇంపోర్ట్ చేయబోతే, తన పైనున్న ప్యాకేజీ ఏదో తెలియదని పైథాన్ ఎర్రర్ ఇస్తుంది. అంటే చుక్క ఎవరికి పనికొస్తుంది? ప్యాకేజీలు కట్టడం వచ్చినవాళ్లకు. ఎవరికి పనికిరాదు? రెండు ఫైళ్లు పక్కపక్కన పెట్టుకుని నేర్చుకునేవాళ్లకు. మెయిన్ మాడ్యూల్‌లోనూ చుక్క పనిచేసేలా చూడాలని 2007లో పైథాన్ అభివృద్ధి బృందంలోని బ్రెట్ కానన్ 3122వ ప్రతిపాదన రాశారు. ప్యాకేజీ ఫోల్డర్ లోపలి ఫైలును స్క్రిప్టులా నడపడమే తప్పు పద్ధతి అన్న అభిప్రాయంతో పైథాన్ సృష్టికర్త గీడో వాన్ రాసమ్ దాన్ని తిరస్కరించారు. పెద్ద ప్యాకేజీల వరకు ఆయన మాట సబబే. ఒక ఫోల్డర్, రెండు ఫైళ్లు ఉన్న విద్యార్థికి మాత్రం ఆ మాట వర్తించదని నా అభిప్రాయం.

మిగతా భాషలు ఏం చేశాయో చూస్తే నా పట్టుదల ఇంకా పెరుగుతుంది. సీ భాషలో కొటేషన్ గుర్తుల మధ్య పేరు రాస్తే ముందు పక్కనున్న ఫైలు వెతుకుతుంది, కోణపు బ్రాకెట్ల మధ్య రాస్తే సిస్టమ్ ఫోల్డర్లలో వెతుకుతుంది. ఎవరిది కావాలో రాసేవాడే చెబుతాడు. జావాలో జావా అనే మాటతో మొదలయ్యే ప్యాకేజీలో మీరు సొంత క్లాసు పెడితే లోడ్ చేయడానికే ఒప్పుకోదు. జావాస్క్రిప్ట్ భాషను బ్రౌజరు బయట నడిపే నోడ్‌లో సొంత ఫైలు కావాలంటే చుక్క, గీత పెట్టి దారి చెప్పి తీరాలి. ఫైళ్ల పనులు చేసే ఎఫ్‌ఎస్ అని ఒట్టి పేరు రాస్తే ఎప్పుడూ దాని సొంత మాడ్యూలే వస్తుంది. నోడ్ పద్ధతి అంతా బాగుందని నేను అనడం లేదు. తెచ్చుకున్న ప్యాకేజీలు ఉండే నోడ్‌మాడ్యూల్స్ ఫోల్డర్ విషయంలో తాను పొరబడ్డానని నోడ్‌ను సృష్టించిన రయన్ డాల్ 2018లో సభలోనే చెప్పారు. కానీ ఈ ఒక్క విషయంలో నోడ్ విద్యార్థి పైథాన్ విద్యార్థి కంటే అదృష్టవంతుడు.

అన్నిటికంటే ముఖ్యమైన సాక్ష్యం రూబీ, పెర్ల్ భాషలది. రెండింటిలోనూ వెతికే జాబితాలో ‘ఇప్పుడున్న ఫోల్డర్’ ఉండేది. 2010లో 1.9.2 వెర్షన్‌తో రూబీ దాన్ని తీసేసింది. పక్కనున్న ఫైలు కావాలంటే రిక్వైర్ రెలెటివ్ అని విడిగా అడగమంది. 2017లో 5.26 వెర్షన్‌తో పెర్ల్ కూడా తీసేసింది, భద్రత దృష్ట్యా. పెర్ల్‌లో ఆ ఫోల్డర్ ఉండేది జాబితా చివర, మొదట కాదు. చివర ఉన్నా ప్రమాదమేనని వాళ్లు అనుకున్నారు. పాత ప్రోగ్రాములు ఆగిపోకుండా, పాత పద్ధతి కావాలనుకునేవారికి ఒక ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ ఇచ్చారు. లక్షల పాత ప్రోగ్రాములున్న భాష ఈ పని చేయలేదని ఇక ఎవరూ అనలేరు. పెర్ల్ కంటే పాత బరువు మోసే భాషలు ఎన్నో లేవు.

ఎదుటి వాదనకూ బలం ఉంది, దాన్ని తీసిపారేయను. రెండు ఫైళ్లు పక్కపక్కన పెట్టి ఒకదాంట్లోంచి ఇంకోదాన్ని పిలవగానే పనిచేయడం పైథాన్‌లోని గొప్ప సుఖం. నా విద్యార్థులు రెండో వారంలోనే ఆ పని చేస్తారు, సంతోషిస్తారు. ఆ సంతోషం పోకూడదు. సరే, స్క్రిప్టు ఫోల్డర్‌ను తీసేయకుండా జాబితా చివరికి జరిపితే? ఒకప్పుడు నేనూ అదే పరిష్కారం అనుకున్నాను. కాదు. పైథాన్ లైబ్రరీ పెరుగుతూ ఉంటుంది. 3.4లో స్టాటిస్టిక్స్ వచ్చింది, 3.6లో సీక్రెట్స్ వచ్చింది. మీరు అంతకుముందే స్టాటిస్టిక్స్.పీవై అని రాసుకుని ఉంటే, పైథాన్ వెర్షన్ మార్చిన రోజున మీ ఫైలు బదులు ఇంకో మాడ్యూల్ చప్పుడు లేకుండా వచ్చి కూర్చుంటుంది. మొదట పెట్టినా చివర పెట్టినా, ఒట్టి పేరు ఒట్టి పేరే. అందుకే మార్చవలసింది వరుసను మాత్రమే కాదు, పిలుపును.

ఇది పిల్లల ఇబ్బందితో ఆగే విషయం కూడా కాదు. డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లోకి దిగిన ఒక మంచి స్క్రిప్టును అక్కడే నడిపారనుకోండి. ఎప్పుడో ఏదో వెబ్‌సైటు నుంచి వచ్చి పడిన ర్యాండమ్.పీవై కూడా అక్కడే ఉంటే, స్క్రిప్టు ర్యాండమ్ అని పిలిచిన క్షణంలో ఆ అపరిచిత ఫైలు మీ కంప్యూటర్‌లో మీ అధికారాలతో నడుస్తుంది. మీరు దాన్ని తెరవలేదు, నడపలేదు, పేరు కూడా చూడలేదు. పేరు ఒకటే, ఇళ్లు రెండు అయినప్పుడు జరిగే మోసం ప్యాకేజీల అంగడిలోనూ జరిగింది. 2022 డిసెంబరులో కృత్రిమ మేధ పనులకు వాడే పైటార్చ్ అనే లైబ్రరీ ప్రయోగాత్మక వెర్షన్‌కు టార్చ్‌ట్రైటన్ అనే ప్యాకేజీ అవసరమయ్యేది. అది పైటార్చ్ సొంత భాండాగారంలో ఉండేది. ఎవరో అదే పేరుతో, ఎవరైనా ప్యాకేజీలు పెట్టగల పైపీఐ అనే ఉమ్మడి భాండాగారంలో ఒక దొంగ ప్యాకేజీ పెట్టారు. పిప్ పైపీఐలో ఉన్నదాన్నే ఎంచుకుంది. డిసెంబరు 25 నుంచి 30 మధ్య లైనక్స్ మీద ఆ వెర్షన్‌ను పిప్‌తో ఇన్‌స్టాల్ చేసుకున్నవారికి ఆ దొంగ ప్యాకేజీ చేరింది. అది యంత్రంలోని రహస్య తాళాల ఫైళ్లను సైతం బయటికి పంపేలా రాసి ఉంది. ఇంపోర్ట్, ఇన్‌స్టాల్ వేరు వేరు పనులే. జబ్బు మాత్రం ఒకటే. పేరు అడిగారు, ఇల్లు అడగలేదు.

పైథాన్ ఏమీ చేయలేదనడం అన్యాయం. పైథాన్ 2లో ఇంతకంటే ఘోరం ఉండేది. ర్యాండమ్.పీవై తప్పని తెలిసి తుడిచేసినా, దాని పక్కనే కంపైలైన ర్యాండమ్.పీవైసీ మిగిలి ఉండేది, పైథాన్ దాన్నే ఎత్తుకునేది. ఫైలు లేదు, ఎర్రర్ మాత్రం అదే. అలాంటి దయ్యం పట్టిన ఫోల్డర్ ముందు ఒక సాయంత్రమంతా కూర్చున్న జ్ఞాపకం నాకు ఇంకా ఉంది. 3.2 వెర్షన్ నుంచి కంపైలైన ఫైళ్లను పైక్యాష్ అనే వేరే ఫోల్డర్‌లో దాస్తున్నారు, అసలు ఫైలు లేకపోతే వాటి వంక చూడటం లేదు. 3.11లో పెద్ద పీ అక్షరంతో ఒక ఆప్షన్ వచ్చింది. పైథాన్‌ను దానితో నడిపితే స్క్రిప్టు ఫోల్డర్ జాబితాలో చేరదు. 2024 అక్టోబరులో వచ్చిన 3.13లో ఎర్రర్ సందేశమే మారింది. మీ ఫైలు పేరు పైథాన్ లైబ్రరీలోని మాడ్యూల్ పేరు ఒకటేనని, పేరు మార్చుకోమని అది సూచిస్తుంది. ఆ సందేశం రాసినవారికి చేతులెత్తి నమస్కరిస్తాను. ఎందరో పిల్లల సాయంత్రాలు దానివల్ల మిగిలాయి.

అయినా అది చాలదు. ఆ అమ్మాయి ప్రోగ్రామునే 3.13లో నడిపి చూశాను. ఎర్రర్ అప్పుడూ ఎస్‌ఎమ్‌టీపీలిబ్ మీదే వేలు చూపించింది, చుట్టు తిరిగిన ఇంపోర్టులే కారణమంది. ఈమెయిల్.పీవై పేరు మార్చుకోమన్న సూచన రాలేదు. ఎర్రర్ వచ్చిన మాడ్యూల్ అసలైన ఎస్‌ఎమ్‌టీపీలిబ్బే. అడ్డుపడిన ఫైలు వేరు. ఒక మెట్టు అవతల జరిగిన తప్పును సందేశం కనిపెట్టలేకపోయింది. ఇక పెద్ద పీ ఆప్షన్ అంటారా, దాని పేరు తెలిసినవారికి దాని అవసరం దాదాపు ఉండదు, అవసరమున్నవారికి దాని పేరు తెలియదు.

నేను కోరేది ఇదీ. నేరుగా నడిపిన స్క్రిప్టులో చుక్క పనిచేయాలి. ‘చుక్క నుంచి జాబితాను ఇంపోర్ట్ చెయ్యి’ అని మొదటి వారం విద్యార్థి రాస్తే పక్కనున్న జాబితా.పీవై రావాలి. ఒట్టి పేరు రాస్తే పైథాన్ లైబ్రరీ, పిప్‌తో తెచ్చుకున్నవి మాత్రమే రావాలి. పెర్ల్ చేసినట్టు పాత పద్ధతికి ఒక తలుపు కొన్నేళ్లు తెరిచి ఉంచవచ్చు. పక్కనున్న ఫైలును పిలిచే సుఖం ఇందులో పోదు. ఒక్క చుక్క ఎక్కువ రాయాలి, అంతే.

అంతవరకు మా క్లాసులో ఒక ఆచారం పెట్టుకున్నాం. ఫైళ్లకు తెలుగు మాటలే పేర్లు, రోమన్ అక్షరాల్లో. లెక్క, ఉత్తరం, పాచిక, బొమ్మ. పైథాన్ లైబ్రరీలో ఆ పేర్లు లేవు, రేపు రావు. తెలుగు లిపిలో పెట్టినా పైథాన్ 3 ఒప్పుకుంటుంది, ఇంపోర్ట్ కూడా అవుతుంది. ఒక్క చిక్కు ఉంది. ‘సాఫ్ట్‌వేర్’ లాంటి మాటల్లో పొల్లు తర్వాత అక్షరం ఒత్తుగా మారకుండా మనం ఒక కనబడని గుర్తు వాడతాం. పైథాన్ పేర్లలో ఆ గుర్తుకు చోటు లేదు, దాన్ని చూడగానే వరుస మొత్తం తప్పంటుంది.

ఉత్తరం.పీవై ఇప్పటికీ నడుస్తోంది. పోయిన వారం ఆ అమ్మాయి చిరునామాల జాబితాను వేరే ఫైలులోకి మార్చింది. నేను క్లాసులో చెప్పిన చుక్క గుర్తుంచుకుని, ఇంపోర్ట్ వరుసలో అది పెట్టి నడిపింది. తన పైనున్న ప్యాకేజీ తెలియదని పైథాన్ ఎర్రర్ ఇచ్చింది. ఆ తెర ఫోటో తీసి నాకు పంపింది. ఈసారి తాను ఏం తప్పు చేశానని అడగలేదు. “పక్కనే ఉన్న ఫైలు సార్. దీని గురించి ఎవరికి రాయాలి?” అని అడిగింది. పైథాన్‌లో మార్పులు ప్రతిపాదించే చోటు చిరునామా పంపాను.